పాతాళజలముల ముంపు: ప్రజల కర్తవ్యము

వరద యనగానే మన ప్రజల మనస్సునకు తోచునది మూడు విధములు. గోదావరి గట్టు తెగుట యొకటి. చెఱువుకట్టకు గండిపడుట రెండవది. తుపాను వెంట సముద్రము పొంగి తీరగ్రామములను ముంచుట మూడవది. ఈ మూడును కంటికి కనబడునవి, చెవికి వినబడునవి. వీనినిగూర్చి పత్రికలు వ్రాయును, మంత్రులు వచ్చి చూచిపోవుదురు, ప్రభుత్వము బియ్యమును పంచును. కాని నాలుగవ విధమొకటి కలదు. ఆకాశము నిర్మలముగా నుండును. ఏఱు తన గట్లలోనే పాఱుచుండును. అయినను ఇంటిలోని నేల పలకల సందులనుండి నీరు చెమర్చి, చీలమండలోతై, పిమ్మట మోకాటిలోతై, వారములకొలది, ఒక్కొక్కయెడ నెలలకొలది తీయక నిలుచును. ఇదియే భూగర్భజలముల ముంపు.

ఈ ముంపునకు మన భాషలో స్థిరమైన పేరు లేకపోయినను దాని యనుభవము లేకపోలేదు. జౌకునేల, ఊటపల్లము, చెమ్మయెక్కిన గోడ, చవుడు తేలిన పొలము అను మాటలు మన రైతులకును గృహస్థులకును సుపరిచితములే. లేనిదెల్ల ఈ వేర్వేరు కష్టములకు మూలమొక్కటే యన్న తెలివి. మేమీ వ్యాసమున నిరూపింపదలచినది మూడంశములు. ఇది దైవికమని చేతులు ముడుచుకొనవలసిన యాపద కాదు. చాలదినముల ముందుగా తెలిసికొనదగినది. రెండవది, ఊరివారు పూనుకొన్నచో దీని బాధను చాలవఱకు తగ్గించుకొనవచ్చును. మూడవది, దీనికి బాధ్యులెవ్వరో ప్రభుత్వములు కాగితముమీద వ్రాసి యొప్పుకొననంతవఱకు బీదవాని గోడు వినువాడుండడు.

నీరు నేలలో నిలుచు తీరు

భూగర్భమున నీరు నదివలె పాఱుచున్నదని పలువురు తలంతురు. అది సత్యము కాదు. నేలలోని ఇసుక రేణువుల నడుమను, రాతి పగుళ్ళలోను నీరు నిండి నిలుచును. అట్లు నిండిన భాగపు పైమట్టమునే జలమట్టమందురు. బావిలో మనకు కనబడు నీటి యుపరితలము ఆ మట్టమే. వాన కురిసినపుడు మొదట పైమన్ను తన దప్పి తీర్చుకొనును. మిగిలినది మెల్లగా క్రిందికి దిగి జలమట్టమును పెంచును. ఆ మట్టము పెరిగి పెరిగి పల్లపుచోట భూమి యుపరితలమును తాకినదా, అచ్చట ఊట పుట్టును. ఆ పల్లమున ఇండ్లున్నచో ఊట యిండ్లలోనే పుట్టును.

జలమట్టమెంత పెరుగుననుట నేల స్వభావముపై నాధారపడియుండును. ముతక ఇసుక నేలలో నూఱు పాళ్ళకు ఇరువది పాళ్ళవఱకు నీరు చేరుటకును వదలుటకును అనువగు ఖాళీ యుండునని యనుకొందము. అందు నూఱు మిల్లీమీటర్ల నీరు ఇంకినచో జలమట్టము అరమీటరు మాత్రమే లేచును. అట్లుగాక, నూఱింట ఒక్కపాలు మాత్రమే యట్టి ఖాళీగల పగుళ్ళ రాతిలో అదే నూఱు మిల్లీమీటర్లు ఇంకినచో మట్టము పదిమీటర్లు లేచును. కురిసిన వాన యొక్కటే, ఇంకిన నీరొక్కటే. కాని ఒకచోట రైతు సంతసించును, మఱియొకచోట గృహస్థు మంచమెక్కి కూర్చుండును. ఈ చిన్న లెక్కను గ్రహించినవారికి ఈ ముంపులోని రహస్యము సగము తెలిసినట్లే.

ఇంగ్లండు సీమసుద్ద కొండలు

ఇట్టి రాతికి ప్రపంచమున ప్రసిద్ధమైన యుదాహరణము దక్షిణ ఇంగ్లండునందలి సీమసుద్ద కొండలు. సీమసుద్ద రాతిలో సూక్ష్మరంధ్రములు విస్తారముగా నున్నను, అవి మిక్కిలి సన్ననివగుటచే అందలి నీరు కదలదు. కదలు నీరెల్ల పగుళ్ళలోనిది. కావున ఆ కొండల మిట్టలపై జలమట్టము వేసవికిని చలికాలమునకును ముప్పది మీటర్ల వఱకు మాఱు చోట్లు కలవు. సస్సెక్సులోని చిల్‌గ్రోవ్ అను చోట నొక బావి నీటిమట్టమును 1836వ సంవత్సరమునుండి కొలిచి వ్రాయుచున్నారు. ప్రపంచమున నింత దీర్ఘకాలము నెడతెగక సాగిన బావిలెక్కలు మిక్కిలి యరుదు. ఒక బావిలో తాడు దింపి కొలిచి పుస్తకమున వ్రాయుటకు గొప్ప యంత్రములక్కఱలేదు. తరము వెంట తరము విడువక చేయు పట్టుదల కావలెను. ఆ పట్టుదల ఫలమును ఆ దేశమువా రీనాడనుభవించుచున్నారు.

ఆ కొండల నడుమ చలికాలమున మాత్రమే పాఱు వాగులు కలవు. వానిని వారు వింటర్‌బోర్న్ అనుచున్నారు. చలికాలపు వాగని యర్థము. ఆ పేరు ధరించిన గ్రామములు పెక్కులు గలవు. కొన్ని వాగులు ఏండ్లతరబడి ఎండియుండి, హఠాత్తుగా నొకయేడు పాఱును. యార్క్‌షైరునందలి గిప్సీ రేస్ అను వాగు పాఱిన యేడు దేశమునకు ఉపద్రవము తప్పదని ప్రజలు నమ్మెడివారు. దానిని దుఃఖజలములని పిలిచెడివారు. లండను దక్షిణమున క్రాయిడను వాగునకును అదే యపకీర్తి యుండెను. ఈ నమ్మకమును మూఢమని నవ్వివేయుట సులభము. కాని ఎన్నడో వచ్చు జలమును మఱచిపోకుండుటకు పూర్వులు చేసికొన్న జ్ఞాపకచిహ్నమది యని మేము తలంచుచున్నాము. వాగు పేరు మఱచి దాని గర్భమున ఇండ్లు కట్టుకొన్న తరమువారు పూర్వులకంటె తెలివిగలవారని చెప్పుట కష్టము.

1994 జనవరిలో చిచెస్టరు పట్టణమున నిట్టి ముంపే సంభవించెను. ఆ పట్టణము గుండ పాఱు లావంట్ అను చిన్న యేఱు సీమసుద్ద ఊటలవలన పుట్టినది. సామాన్య దినములలో దానిని ఎవ్వరును లెక్కచేయరు. పట్టణములో కొంత దూరము దానిని భూమిక్రింది తూములలోనికి త్రోసివేసియుండిరి. చిల్‌గ్రోవు బావి పొంగి పొర్లిన ఆ చలికాలమున ఊటనీరు ఆ తూములకు పట్టక వీథుల పాలయ్యెను. తరువాతి కాలమున పట్టణమునకు తూర్పుగా నొక మళ్ళింపు కాలువను త్రవ్విరి. ఏటికి దారి ముందే యుంచినచో మళ్ళింపు కాలువ యక్కఱ ఇంతగా నుండెడిది కాదు.

2000వ సంవత్సరపు శరత్కాలమున ఇంగ్లండు, వేల్సులలో 1766నుండి యున్న లెక్కలలో అంతవఱకు ఎన్నడును లేనంత వాన కురిసెను. నదుల వరదలు తీసిన పిమ్మట, ప్రజలు గండము గడచినదని నిట్టూర్చిన పిమ్మట, బ్రైటను సమీపమున ప్యాచమ్ వంటి చోట్ల నేలమాళిగలలో ఊట మొదలయ్యెను. 2013-14 చలికాలము మఱల అట్టిదే. ఆ లెక్కలలో అంతవఱకు అంత వర్షపు చలికాలము లేదు. హాంప్‌షైరులోని హాంబుల్డను గ్రామమున వీథి యేఱైనది. వారములకొలది మోటారులతో నీటిని తోడవలసివచ్చెను. లాంబోర్న్ లోయలోని గ్రామములును, క్రాయిడను సమీప ప్రాంతములును అట్లే బాధపడెను. వాన వెలిసిన యనంతరము గూడ ఊట తగ్గకుండుట ఈ ముంపు లక్షణము. కొండలోపల చేరిన నీరు నెమ్మదిగా దిగివచ్చుచుండునంత కాలము పల్లపు ఊరికి విడుదల లేదు.

బ్రిటిషు భూగర్భశాస్త్ర పరిశోధనసంస్థవారి యంచనా ప్రకారము ఒక్క ఇంగ్లండులోనే 1,22,000 మొదలు 2,90,000 వఱకు గృహములును ఇతర కట్టడములును ఈ ముంపునకు లోబడదగిన చోట్ల నున్నవి. రెండు సంఖ్యలకు నడుమ నింత యంతరముండుటయే ఒక పాఠము. ఏఱు కనబడును గనుక దాని ముంపుగీటు గీయవచ్చును; నేల యడుగు కనబడదు.

తెలియనిచోట వదంతి

తెలియకపోవుట వలన కలుగు కీడు నీటివలన కలుగు కీడుకంటె తక్కువ కాదనుటకు ఫ్రాన్సుదేశపు వృత్తాంతమొకటి కలదు. 2001 మార్చి చివర ఉత్తర ఫ్రాన్సులోని సోమ్ నదీలోయ మునిగెను. అబ్బెవిల్ పట్టణమును పరిసర గ్రామములును ఇంచుమించు రెండు నెలలు నీటిలో నుండెను. అదియు సీమసుద్ద ప్రాంతమే. వాన తగ్గినను నీరు తగ్గలేదు, పైగా పెరుగుచుండెను. వాన లేక నీరెట్లు పెరుగునని ప్రజలు ప్రశ్నించిరి. సమాధానము చెప్పువారు లేనందున వారే సమాధానము కల్పించుకొనిరి. రాజధానియగు ప్యారిసును కాపాడుటకై అచ్చటి వరదనీటిని కాలువలద్వారా తమ మీదికి మళ్ళించిరని వదంతి పుట్టి ఊరూర వ్యాపించెను. ప్రధానమంత్రి లియొనెల్ జోస్పెన్ ఆ ప్రాంతమునకు వచ్చినపుడు ప్రజలాయనను నిలదీసిరి. పిమ్మట ఆ దేశపు సెనేటు విచారణసంఘమును నియమించెను. ముంపునీటిలో సింహభాగము సీమసుద్దలో చేరిన భూగర్భజలమేయని తేలెను.

ఆ ప్రజలను మేము నిందింపము. ఇల్లు మునిగినవాడు కారణమడుగుట న్యాయము. కారణము ముందుగా చెప్పదగినవారు చెప్పకపోవుటయే తప్పు. బావులలోని మట్టము నెలలముందే పెరుగుచుండెను. ఆ యంకెలు కార్యాలయముల పుస్తకములలో నుండెను గాని ప్రజల చెవిని పడలేదు. ప్రభుత్వము మౌనము వహించిన చోట వదంతి మాటాడునన్నది అన్ని దేశములకును వర్తించును.

ఇతర కారణములు

ఈ ముంపు సీమసుద్ద దేశములకే పరిమితము కాదు. నదీతీరములందలి గులకరాతి మేటలలోను నిది కలుగును. 2007 జులైలో ఆక్స్‌ఫర్డు పట్టణమున థేమ్సు నది పొంగినపుడు, గట్టు దాటి నీరు రాకమునుపే కొన్ని యిండ్లలోనికి గులకరాతి పొరగుండ నీరు నేలనుండి పైకి వచ్చెను. వాకిట ఇసుక బస్తాలు పేర్చుకొని కూర్చున్నవాని పడకగదిలో నీరు పుట్టినదన్నమాట.

మఱియొక విధము మనుష్యుడు చేతులార తెచ్చుకొనునది. లండను నగరమున కర్మాగారములు పెరిగినకొలది లోతుబావులనుండి నీటిని విపరీతముగా తోడిరి. 1960ల నడిమినాటికి ట్రఫాల్గరు కూడలి యడుగున జలమట్టము సముద్రమట్టమునకు దాదాపు 88 మీటర్లు దిగువకు పడిపోయెను. ఆ పిమ్మట కర్మాగారములు తరలిపోయినవి, తోడుట తగ్గినది, మట్టము మఱల లేవసాగెను. 1990ల నాటికి కొన్నిచోట్ల ఏటికి మూడు మీటర్లవఱకు లేచెను. మట్టము తగ్గియున్న కాలమున కట్టిన సొరంగములకును, పునాదులకును ముప్పు వచ్చునని భయపడి, మఱల నీటిని తోడు నేర్పాట్లు చేసికొని దానిని నిలిపిరి. తోడుట తప్పనియు తోడకుండుట యొప్పనియు చెప్పదగినంత సులభము గాదు ఈ విషయము. మట్టమెంతలో నున్నది, ఎటు పోవుచున్నది యని నిత్యము గమనించువాడే క్షేమముగా నుండగలడు.

మన దేశము సంగతి

భూగర్భజలమన్నంతనే మన దేశమున వినవచ్చునది ఎండిన బోరుబావుల మొఱ్ఱ. రాయలసీమలోను, తెలంగాణపు మెట్టప్రాంతములలోను ఆ మొఱ్ఱ సత్యమే. కాని దేశమంతయు అదే తీరుగా లేదు. పంజాబునందలి ముక్తసరు మొదలగు నైరృతి మండలములలో అడుగునీరు ఉప్పన. దానిని ఎవ్వరును తోడరు. పైనుండి కాలువల నీరు దశాబ్దములుగా ఇంకుచున్నది. ఫలితముగా జలమట్టము నేలనంటి, పొలములు జౌకెక్కి, ఇండ్ల గోడలు నెఱ్ఱలిచ్చినవి. అదే పంజాబునందు ఇతర మండలములలో జలము పాతాళమునకు దిగిపోవుచుండుట విధివిలాసమనరాదు. అది నీటి పరిపాలనలోని లోపము.

రాజపుత్రస్థానమున ఎడారి యంచుననున్న జోధపురము వృత్తాంతము మఱింత విచిత్రము. పూర్వమా నగరవాసులు మెట్లబావులనుండి నీరు తోడి జీవించెడివారు. 1990లలో హిమాలయనదుల నీరు కాలువద్వారా నగరమునకు వచ్చెను. కొళాయి నీరు వచ్చుటతో మెట్లబావులను విడిచిపెట్టిరి. తోడువారు లేరు, పైగా వాడిన నీరును, గొట్టములనుండి కారిన నీరును నేలలోనికి దిగుచుండెను. ఆ దశాబ్దాంతమునుండి పాతబస్తీలోని నేలమాళిగలలో నీరు ఊరుట మొదలై, దుకాణదారులు దినదినమును మోటారుతో తోడిపోయవలసిన దుర్గతి పట్టెను. ఎడారిలో నీటిముంపా యని విస్తుపోవలదు. వచ్చు నీటికి దారి చూపి, పోవు నీటికి దారి చూపనిచో ఎడారియైనను జౌకెక్కును.

ఇక మన డెల్టాలు. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిమ్మట గోదావరి, కృష్ణా మండలములు కఱవు కాటకములనుండి బయటపడి ధాన్యాగారములైనవి. ఆ కీర్తి యెన్నటికిని తగ్గదు. కాని పంటకాలువ తెచ్చిన నీటిని మురుగుకాలువ తీసికొనిపోవలెను గదా! సముద్రతీరమునకు చేరువయైన పల్లపు లంకలలో జలమట్టము సహజముగనే మీదుగా నుండును. కాలువలనుండి ఇంకిన నీరు, వరిచేలనుండి దిగిన నీరు దానికి తోడగును. మురుగుకాలువలలో గుర్రపుడెక్క పెరిగి, మొగలు ఇసుకతో పూడినచో, సార్వా నాట్లు వేసిన కొలది దినములకే నారు కుళ్ళిపోవును. వాన పది దినముల క్రిందట వెలిసినను చేను ఆఱదు. వేసవిలో అడుగునీరు పైకి ప్రాకి ఆవిరియై, దానిలోని ఉప్పు పైమంటిలో మిగిలి చవుడగును.

ఈ డెల్టా రైతులు తమ కర్తవ్యమును విస్మరించినవారు కారు. కృష్ణా గోదావరి డెల్టాల మురుగుపారుదల పనులకై 1968లో శాసనముచేసి పన్ను విధింపబడినది. ఆ యేర్పాటును గుర్తుంచుకొనువారు నేడెందఱు? 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయమని విరామము ప్రకటించినపుడు దేశమాశ్చర్యపడెను. గిట్టుబాటు ధర లేకపోవుట, కూలీల కొఱతయు అందుకు ముఖ్యకారణములే. కాని మురుగు తీయక పొలములు మునుగుటయు వారు మొఱపెట్టిన కష్టములలో నొకటి. అన్నము పెట్టు చేయి అలసి ఆగినపుడు ఆ యలసటకు కారణమైన వానిలో నేల యడుగునీరు గూడ నొకటియని పాలకులు గ్రహించినారా యని మేము ప్రశ్నించుచున్నాము.

పట్టణములు దీనికి వెలియని తలపవలదు. 2021 నవంబరులో చిత్తూరు, నెల్లూరు, కడప సీమలలో ఘోరవర్షములు కురిసిన పిమ్మట తిరుపతిలో నొక గృహమునందు జరిగిన సంగతి దేశమంతట తెలిసినదే. సిమెంటు వరలతో భూమిలో దింపి కట్టిన నీటితొట్టిని ఖాళీచేసి శుభ్రపఱచుచుండగా, ఆ తొట్టి మొత్తముగా నేలను చీల్చుకొని పైకి లేచి నిలిచెను. జనులు తండోపతండములుగా వచ్చి వింత చూచిరి. అందు వింత లేదు. ఖాళీకడవను నీటిలో ముంచినచో పైకి తేలుట యెవ్వ రెఱుగరు? చుట్టునున్న నేల నీటితో నిండి యున్నపుడు ఖాళీతొట్టి ఆ కడవవంటిదే. చెఱువు గర్భములలోను, వాగు దారులలోను మేడలు కట్టి, వాని క్రింద వాహనములకై రెండంతస్తుల గోతులు త్రవ్వుచున్న మన నగరవాసులు ఈ కడవను జ్ఞప్తియందుంచుకొందురు గాక.

ఏమి చేయవలెను?

మొదటిది కొలత. నది వరదకు గంటలే గడువు. దీనికి వారములు, నెలలు గడువు కలదు. ఇంగ్లండులో బావులమట్టము హద్దు దాటబోవుచున్నదని తెలిసినపుడు ఆయా లోయల గ్రామములకు ముందుగా హెచ్చరిక పంపుచున్నారు. మన దేశమున కేంద్ర భూగర్భజలమండలివారు పరిశీలనబావుల మట్టములను ఏటికి నాలుగుమాఱులు కొలుచు పద్ధతి యున్నది. కొన్ని చోట్ల స్వయంచాలక మాపకములును వచ్చినవి. జలమట్టము రెండుమీటర్లలోపల నున్న ప్రాంతము జౌకెక్కినదనియు, రెండు మూడు మీటర్ల నడుమనున్నది జౌకెక్కనున్నదనియు 1991లో కేంద్ర ప్రభుత్వపు నిపుణసంఘము నిర్ణయించినది. కొలత కలదు, హద్దు కలదు. మట్టము పడిపోవుటను చూచునట్లే లేచుటను గూడ చూచి, ఊరి భాషలో, పంచాయతీ గోడపై వ్రాయు నలవాటు మాత్రము కావలెను.

దీనికై ప్రభుత్వము కొఱకు ఎదురుచూడనక్కఱలేదు. ప్రతి గ్రామమునందును తోడక విడిచిన బావి యొకటి యుండనే యున్నది. పాఠశాలలోని పెద్దపిల్లలు వారమునకొకమాఱు కొలతాడు దింపి ఒరనుండి నీటివఱకెంతయో వ్రాసినచో, అయిదేండ్లలో ఆ గ్రామమునకు తన నీటిచరిత్ర చేతికి వచ్చును. ముంపు వచ్చిన యేట నీరెంతవఱకు వచ్చెనో గోడపై గీటు గీచి సంవత్సరము వ్రాయవలెను. వృద్ధులు ఎఱిగిన ఊటచోట్లను, పూడిన వాగుదారులను గ్రామపటమున గుర్తింపవలెను. ఆ చోట ఇల్లు కట్టుటకు అనుమతి నిచ్చువాడు ఆ పటమును చూడక ఇవ్వరాదు.

రెండవది దారి. మురుగుకాలువలను, బోదెలను, తూములను వానకు ముందే శుభ్రపఱచుట. ఈ పని సమష్టిగా చేయవలసినది. ఎగువవాడు తీసి దిగువవాడు తీయనిచో ఫలము లేదు. పట్టణములలో పగిలిన మురుగుగొట్టములలోనికి అడుగునీరు చొరబడి అవి నిండిపోవును. అపుడు మరుగుదొడ్లు వెనుకకు పొంగును. ఆంగ్లగ్రామములలో ఈ ముంపుకాలపు మహాక్లేశములలో నిది యొకటి. గొట్టముల పగుళ్ళు ముందుగా పూడ్చుట నీటిని ఆపుటతో సమానము.

మూడవది ఇల్లు. వాకిట ఇసుక బస్తాలు ఏటినీటిని కొంతవఱ కాపును గాని నేలనుండి పుట్టు నీటిని ఆపలేవు. ఊటచోటనున్న యింటిలో నీరు చేరుటకు ఒక మూల గుంట కట్టి, అచ్చటనుండి మోటారుతో తోడుట మేలు. విద్యుత్తు మీటలును తీగెలును నడుమెత్తునకు పైగా నుంచవలెను. ధాన్యమును, దస్తావేజులను అటకపై నుంచవలెను. నూనెతో నడచు మోటారును ఇంటిలోపల నడుపరాదు. దాని విషవాయువు ప్రాణము తీయును. మఱియు, వెలుపలి నీరు తగ్గకుండగనే నేలమాళిగను ఒక్కమాఱుగ తోడివేయరాదు. లోపలి నీరు పోగానే వెలుపలి యొత్తిడికి గోడయో నేలయో పగులును. తిరుపతి తొట్టి నేర్పిన పాఠమిదియే.

నాలుగవది ఆరోగ్యము. మట్టము పెరిగినపుడు మరుగుదొడ్ల గోతులలోని మలినము బావులలోనికి సులభముగా చేరును. బావిలో నీరు పైకి వచ్చినదని సంతసించి త్రాగినవాడు రోగము కొనితెచ్చుకొనును. నీరు తగ్గి, బావిని బ్లీచింగు పొడితో శుద్ధిచేసి, పరీక్షింపజేయువఱకు కాచి చల్లార్చిన నీరే త్రాగవలెను.

బాధ్యులెవరు?

తుదకు మిగిలినది అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. నదికి నీటిపారుదలశాఖ కలదు. వీథికి పురపాలకసంఘము కలదు. త్రాగునీటికి మఱియొక శాఖ కలదు. నేల యడుగునుండి వచ్చి ఇంటిలో నిలిచిన నీటికి ఎవరు? ఇంగ్లండులోను చిరకాలము దీనికి స్పష్టమైన సమాధానము లేకుండెను. 2007 వేసవి వరదల పిమ్మట సర్ మైకేల్ పిట్ విచారణ జరిపి 2008లో నివేదిక నిచ్చెను. ఆ పిమ్మట 2010లో చేసిన శాసనమువలన స్థానిక పరిపాలనసంస్థలకు వాననీరు, చిన్న వాగులు, భూగర్భజలములవలన కలుగు ముంపుల భారము నొప్పగించిరి. ముంపు కలిగినచోట దానిని విచారించి ఫలితమును ప్రకటించు కర్తవ్యమును గూడ వారికి విధించిరి. ఆ దేశమున కష్టములు తీరిపోయినవని మేమనము. కాని మునిగినవాడు ఏ తలుపు తట్టవలెనో శాసనమున వ్రాయబడినది. అది స్వల్పము కాదు.

మన రాష్ట్రములలోను అట్టి వ్రాత యుండవలెనని మేము కోరుచున్నాము. మండలమునకొక యధికారి, ఆయన చేతిలో బావుల మట్టముల పట్టిక, ఆయన వలన పంచాయతీలకు ముందుహెచ్చరిక, ముంపు పిమ్మట బహిరంగ విచారణ. వీనికి కోట్లు వెచ్చింపనక్కఱలేదు. చెఱువుకట్ట తెగినవానికిని, పదునైదు దినములు నేలయూటలో నానిన గోడ కూలినవానికిని నష్టమొక్కటే, పరిహారమునందు భేదముండరాదు. నీరు పైనుండి వచ్చినదా, ప్రక్కనుండి వచ్చినదా, క్రిందనుండి వచ్చినదా యని కూలిన గోడ యడుగదు.

ప్రజలకు మేము చెప్పునదొక్కటి. ఈ వర్షాకాలము వచ్చులోపల మీ ఊరి పాతబావిలో నీరెంతలోతున నున్నదో ఒక్కమాఱు కొలిచి వ్రాసికొనుడు. మఱుసటి వారము మఱల కొలువుడు. ఆ రెండంకెలను చూపి మీ పంచాయతీని, మీ యధికారిని ప్రశ్నింపుడు. లెక్క చేతిలోనున్న గ్రామమును ఏ కార్యాలయమును సులభముగా త్రిప్పిపంపజాలదు.